చిన్నాయన చుట్టూ నిలబడ్డ మనుషులు

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలందరికీ గోనెసంచి అంటే భయం. ఎక్కడో ఏటి మీద పెద్ద వంతెన కడుతున్నారట, ఎన్నిసార్లు కట్టినా నిలవడం లేదట, పునాదిలో పసిపిల్లను పెడితే తప్ప నిలవదట. అందుకని పిల్లలను ఎత్తుకుపోవడానికి భుజాన సంచులు వేసుకుని మనుషులు తిరుగుతున్నారట. ఆ వంతెన ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఆ మనుషులను కళ్లారా చూసినవాళ్లూ లేరు. అయినా మా అవ్వ పొద్దు వాలకముందే నన్ను ఇంట్లోకి పిలిచి గొళ్లెం పెట్టేది. పాత ఇనుము కొనడానికి వచ్చేవాణ్ణి కూడా మా వాడకట్టు ఆడవాళ్లు ఊరి బయటే ఆపి తిప్పి పంపేవాళ్లు.

ఆ పుకారును నమ్మని మనిషి మా ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. మా నాయన తమ్ముడు, మా చిన్నాయన. నమ్మలేదు గానీ దాన్ని వదిలిపెట్టనూ లేదు. దాని మీద ఒక నాటకం రాస్తున్నాడు.

చిన్నాయన నల్లగొండలో ఒక సర్కారు కచేరీలో నకళ్లు రాసే గుమాస్తా. తెల్లవారుతూనే గట్ల మీద నడుచుకుంటూ రోడ్డు దాకా వెళ్లి, అక్కడి చాయ్ హోటలు ముందు నార్కట్‌పల్లి నుంచి వచ్చే బస్సు ఎక్కేవాడు. సాయంత్రం మళ్లీ అదే బస్సులో తిరిగి వచ్చేవాడు. పగలంతా ఊళ్లోవాళ్ల తగాదాలు గుండ్రటి అక్షరాలతో నకలు తీయడంతో సరిపోయేది. ఆయన సొంత రాత నడిచేది బస్సులోనే. ఆ గతుకుల రోడ్డు మీద కలం ఎక్కడ నిలుస్తుంది? అందుకని మాటలను నోట్లోనే అల్లుకునేవాడు. ఒక మనిషి మాట ఒక గొంతుతో, ఇంకో మనిషి మాట ఇంకో గొంతుతో గొణుక్కుంటూ, చెయ్యి ఊపుతూ, కనుబొమ్మలు ఎగరేస్తూ కూర్చునేవాడు. ఇల్లు చేరాక కందిలి దీపం ముందు వాటిని కాగితం మీద పెట్టేవాడు. రోజూ ఆ బస్సెక్కేవాళ్లకు ఇదంతా అలవాటే. "ఇయ్యాల ఎవర్ని ఏడిపిచ్చినవు సారూ?" అని కండక్టరు నవ్వుతూ అడిగేవాడట.

నల్లగొండలో నాటకాలు ఆడించే పెద్దమనుషులకు తన రాతలు రెండు మూడు సార్లు ఇచ్చి చూశాడు. రాజు లేడు, పద్యం లేదు, అందరూ అంగట్లో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు, ఇదేం నాటకమని వాళ్లు తిరిగి ఇచ్చేశారు. ఆ సాయంత్రాలు ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా బువ్వ తిని పడుకునేవాడు. మర్నాడు బస్సులో మళ్లీ మొదలు.

కొత్త నాటకంలో ఒక ఊరి చెరువు కట్ట ప్రతి వానకూ తెగిపోతుంటుంది. పసిపిల్లను పెడితేనే కట్ట నిలుస్తుందని ఊరి దొర అంటాడు. పిల్ల తల్లి ఎదురు తిరుగుతుంది. తల్లి మాటలు చెవికి ఎలా వినిపిస్తాయో చూడటానికి ఇంకెవరూ దొరకక ఆయన నా చేత చెప్పించేవాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. రోటి పక్కన నిలబడి, లేని కొంగును నడుముకు చెక్కి, ఆ తల్లిలా గొంతు పెంచేదాన్ని. మా అవ్వ దంచడం ఆపి విని, ఇంట్లో ఇవేం పాడు మాటలురా అని ఇద్దరినీ కసిరేది.

ఆ ఎండాకాలం నా చెవికి చీము పట్టింది. మూడు పొద్దులా ఏడుపే. నాయన కళ్లంలో నూర్పిడి పని మీద ఉన్నాడని చిన్నాయనే నన్ను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు చెవి శుభ్రం చేస్తుంటే నేను పెట్టిన కేకలకు బయట కూర్చున్నవాళ్లు లేచి వచ్చి చూశారు. చెవిలో దూది పెట్టి, తల చుట్టూ గుడ్డ కట్టి, సీసాలో మందు పోసి ఇచ్చారు. నా ఒళ్లు కాలిపోతుంటే చిన్నాయన ఆ పూటకు సెలవు అడిగి మధ్యాహ్నం బస్సే ఎక్కించాడు. అది ఆయన రోజూ ఎక్కే బస్సు కాదు. అందులో ఆయనను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఏడ్చి ఏడ్చి సోలిపోయి ఆయన ఒళ్లో తల పెట్టుకున్నాను. ఒక చెవి మూసుకుపోవడంతో బస్సు రొద ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. నా తల నిమురుతూ ఆయన ఎప్పటిలాగే గొణుక్కుంటున్నాడు. ఆ రోజు ఆయన నోట్లో ఉన్నవి దొర మాటలు. "పొద్దు పొడువకముందే పని కావాలె. తల్లికి తెల్వనియ్యొద్దు. పిల్లను ఇయ్యకుంటే కట్ట నిలువదు." ముందు సీటులో కూర్చున్న ఒకామె వెనక్కి తిరిగి ఆయనను చూసింది, నా తలకట్టు చూసింది. పక్కామె చెవిలో ఏదో చెప్పింది. ఆ తర్వాత బస్సులో ఒక్కొక్క తలా మా వైపు తిరగడం నాకు గుర్తుంది. చిన్నాయన మాత్రం చూడలేదు. ఆయన చెరువు కట్ట మీద ఉన్నాడు.

దారి మధ్యలో ఇంజను వేడెక్కి ఆవిరి చిమ్మడంతో బస్సు ఆగింది. డ్రైవరు, కండక్టరు డబ్బాలు తీసుకుని నీళ్ల కోసం చేలకు అడ్డంపడి బాయి వైపు పోయారు. అందరూ దిగారు. ఎండ తగలకుండా చిన్నాయన నన్ను భుజాన వేసుకుని కొంచెం దూరంలో ఉన్న వేపచెట్టు కిందికి నడిచాడు. చూసేవాళ్లకు అది పారిపోవడంలా కనిపించిందని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.

రుమాలు చుట్టుకున్న ఒకాయన ముందుగా వచ్చాడు. "గీ పోరి నీకేమైతది?" అని అడిగాడు. "మా అన్న బిడ్డ" అన్నాడు చిన్నాయన. నన్ను అడిగితే నేనూ "మా చిన్నాయిన" అన్నాను. "గట్లనే చెప్పమని నేర్పిచ్చిండు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నేను చెప్పింది నిజం. నా నోటితో, గట్టిగానే చెప్పాను. ఆ నిజం వాళ్ల ముఖాలకు తగిలి కింద పడిపోయింది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నేను అంత భయపడలేదు. నిజం చెబితే చాలు పెద్దవాళ్లు వింటారని అప్పటిదాకా అనుకునేదాన్ని.

చుట్టూ మనుషులు చేరారు. భుజాన సంచి ఉందని ఒకరు, మత్తుమందు సీసా దొరికిందని ఒకరు, పిల్లకు తల మీద దెబ్బ కొట్టాడని ఇంకొకరు. ఒక్క చెవే వినిపిస్తుండటంతో ఏ మాట ఏ వైపు నుంచి వస్తుందో తెలియక తల తిప్పుతూనే ఉన్నాను. భయం వేస్తే చిన్నాయనకు కచేరీ భాష వచ్చేది. "అయ్యలారా, నేను నాటక రచయితను, దయచేసి ఆలకించండి" అన్నాడు. పల్లె మాటలు రాసినందుకు పట్నంలో నవ్వులపాలైన మనిషి, ఆ మాటలే కావలసిన చోట వాటిని మరిచిపోయాడు.

"మన దిక్కోడు కాడు వీడు! మాట చూడుండ్రి!"

ఎవరి చెయ్యో ఆయన చెంప మీద పడింది. ఇద్దరు ఆడవాళ్లు నన్ను లాగి తమ మధ్యకు గుంజుకున్నారు. భయపడకు బిడ్డా, మేమున్నం అని నన్నే ఓదారుస్తున్నారు. వాళ్ల చేతులు ఎంత బలంగా పట్టుకున్నాయంటే నాకు ఊపిరి ఆడలేదు. ఆ చేతుల సందులోంచి చిన్నాయన తువ్వాలతోనే ఆయన చేతులు వెనక్కి కట్టడం చూశాను. పెదవి చిట్లి చొక్కా మీద నెత్తురు కారింది. రోడ్డు పక్కన కంకర కుప్ప ఉంది. రుమాలు చుట్టుకున్నాయన వంగి అందులోంచి ఒక రాయి తీసుకున్నాడు.

అప్పుడు ఒక ముసలామె గుంపును తోసుకుంటూ లోపలికి వచ్చింది. నల్లగొండ గొర్రెల అంగడిలో కొన్న రెండు గొర్రెపిల్లలతో వెనక సీటులో కూర్చున్న మనిషి. ఆమె ఎవరినీ ఆపమనలేదు. అరవలేదు. భుజం మీది గొంగడి తీసి చిన్నాయన కాళ్ల దగ్గర పరిచి, దాని మీద కూర్చుని, గొర్రెపిల్లలను ఒళ్లోకి లాక్కుంది.

"నా మోకాళ్లు గుంజుతున్నయి, నేను నిలవడలేను. మీరు గూడ జర కూసోండ్రి" అంది.

ఆమె ఎదురుగా ఉన్న పెద్ద వయసు మనిషిని చూసి, "నీకే చెప్పేది పెద్దయ్యా, కూసో. వీడేడికి పోతడు? చేతులు కట్టేసే ఉన్నయి గద" అంది. ఆయన సిగ్గుపడ్డట్టు చతికిలబడ్డాడు. ఆయనను చూసి పక్కాయన. ఆడవాళ్లు కూడా నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చివరకు రుమాలాయన ఒక్కడే మిగిలాడు. అంతమంది కూర్చున్న చోట ఒక్కడే రాయి పట్టుకుని నిలబడటం ఆయనకే ఎట్లాగో అనిపించింది కాబోలు, కింద కూర్చుని రాయిని పక్కన పెట్టాడు.

"ఇగ చెప్పు" అంది ఆ ముసలవ్వ. "బస్సుల ఏమో గొణిగినవు. మొదటికెల్లి చెప్పు."

చిన్నాయన మళ్లీ అయ్యలారా అని మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి ఊపి, "గట్ల గాదు. మీ అవ్వతోని మాట్లాడినట్టు మాట్లాడు" అంది.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఒక ఊరు, ఒక చెరువు, వానకు తెగే కట్ట. చెబుతూ చెబుతూ ఊరి మనుషుల గొంతులు ఒక్కొక్కటీ ఆయన గొంతులోకి వచ్చాయి. చేతులు వెనక కట్టి ఉండటంతో ముఖంతోనే అందరూ అయ్యాడు. దొర వచ్చి పిల్లను ఇయ్యకుంటే కట్ట నిలువదని అనేటప్పటికి కూర్చున్నవాళ్లలో కదలిక పుట్టింది. బస్సులో విన్న మాట అదే. రుమాలాయన చెయ్యి మళ్లీ రాయి మీదికి పోయింది. చిన్నాయన అక్కడ ఆగి నా వైపు చూశాడు. అది తల్లి మాట్లాడవలసిన చోటు.

నా నోట తడి లేదు. ఆ ఆడవాళ్ల ఒళ్లోంచే, కూర్చున్న చోటి నుంచే చెప్పాను.

"నా బిడ్డను పెట్టి గట్టిన కట్ట కింద పండిన బువ్వ మీరెట్ల తింటరు? మీ పిల్లలకెట్ల పెడ్తరు?"

ఆయన దొర మాట చెప్పాడు. నేను తల్లి మాట చెప్పాను. ఆయన ఊరి పెద్ద మాట, నేను మళ్లీ తల్లి మాట. ఎక్కడా తడుముకోలేదు. రోటి దగ్గర ఎన్నిసార్లు చెప్పానో. నన్ను పట్టుకున్న చేతులు మెల్లగా సడలాయి. నేను లేచి వెళ్లి చిన్నాయన మెడ పట్టుకున్నాను, ఎవరూ ఆపలేదు.

అందరూ ఒక్కసారిగా నమ్మారని చెప్పను. ఇద్దరు ముగ్గురు, పోలీసులకు అప్పజెప్పాల్సిందే అని ఇంకా అంటూనే ఉన్నారు. కానీ కూర్చుని అంటున్నారు. అవ్వ తువ్వాల ముడి విప్పి, "వీళ్ల ఊరు దగ్గరికి పోయి అడుగుదాం. అప్పటిదాక పిల్ల నా దగ్గర, వీడు నా పక్కన" అంది. నీళ్లు తెచ్చిన కండక్టరు ఏం జరిగిందో అర్థం కాక అందరి ముఖాలూ చూశాడు.

బస్సు కదిలాక నేను ఆమె ఒళ్లో కూర్చున్నాను. ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో చిన్నాయన మణికట్టును పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది. నువ్వు మా చిన్నాయనను నమ్మినవు కదా అవ్వా అని అడిగాను. ఆమె నా మంచి చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"లేదు బిడ్డా. నేను గూడ దొంగే అనుకున్న. నాకూ నీ అంత మనుమరాలున్నది, మస్తు భయమైంది. దొంగైతే మాత్రం? సంపేకన్న ముందు ఇనాలె గద."

మా ఊరి దగ్గరి చాయ్ హోటలు ముందు బస్సు ఆగగానే హోటలాయన, "ఏం సారూ, ఇయ్యాల గీ బస్సుల వచ్చినవు? మూతికేమైంది?" అంటూ పరుగున వచ్చాడు. అవ్వ పట్టు వదిలేసింది. రుమాలాయన కిటికీ అవతలికి చూస్తూ ఉండిపోయాడు. చిన్నాయన నన్ను ఎత్తుకుని దిగి, గట్ల మీద సగం దూరం నడిచి, ఒక బాయి గట్టు మీద కూలబడి ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. పెద్దవాళ్లు అలా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

కొన్నాళ్లు ఆయన బస్సెక్కలేదు. తర్వాత ఎక్కాడు, ఎక్కక ఎట్లా గడుస్తుంది? గొణుగుడు మాత్రం తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని సాగేది. ఆ నాటకం పూర్తి చేశాడు. నల్లగొండ పెద్దమనుషులు దాన్నీ వద్దంటే, మా ఊరి బడి ముందు మా ఊరివాళ్ల చేతనే ఆడించాడు. దానికి ఆ అవ్వను పిలవాలని అంగళ్లన్నీ తిరిగాడు. ఆమె ఊరేదో ఆ రోజు అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. ఆమె దొరకలేదు.

ఆ రోజుతో నాకు ధైర్యం వచ్చిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ రోడ్డు మీద మనుషులు గుండ్రంగా నిలబడి ఉండి, మధ్యలో ఎవరున్నారో కనిపించకపోతే నా నోరు ఎండిపోతుంది. మనకెందుకని మా పిల్లలు చెయ్యి పట్టుకుని పక్కకు లాగుతారు. నేను సందు చేసుకుని లోపలికి పోతాను. లోపల ఉన్నవాడు మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. వాడి పక్కన నేల మీద కూర్చుంటాను. కూర్చుని, చుట్టూ నిలబడ్డ ముఖాల్లోకి తలెత్తి చూస్తూ, ఒక్కొక్కరినీ కూర్చోమంటాను.