ర్యామ్‌కు పెట్టిన బొట్టు

బంగారుపాళ్యంలో మా పక్కింటి జ్ఞానాంబత్త ఏ కొత్త వస్తువునూ బొట్టు పెట్టకుండా వాడనివ్వదు. మిక్సీకి పెట్టింది, ఫ్యానుకు పెట్టింది, వచ్చిన ప్రతి గ్యాస్ బండకూ పెడుతుంది. మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరి ఏరి వేళ్లు మొద్దుబారినా, ఆమె పెట్టిన బొట్టు మాత్రం చక్కగా గుండ్రంగా ఉంటుంది.

అలాంటి మనిషి, కూతురు ఐశ్వర్య తెప్పించుకున్న కొత్త ర్యామ్‌ను వదులుతుందా? కంప్యూటర్లో ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయని ఆ పిల్ల రెండు నెలల జీతం పోసి కొన్నది. వేగం పెంచడానికి లోపల బిగించే, రంగు దీపాలు వెలిగే రెండు పలకలు. సాయంత్రం వచ్చి బిగించుకుంటానని బల్ల మీద పెట్టి, చిత్తూరుకు పనికి వెళ్లింది. ఆ రోజు శుక్రవారం. పలకల అంచున బంగారు రంగు గీతలు కనిపించేసరికి, అత్త సరిగ్గా వాటి మీదే తడి పసుపూ కుంకుమా అద్దింది.

పెరుగు తోడు కోసం వెళ్లి నేనది చూశాను. నేను కంప్యూటర్ డిప్లొమా చదివినదాన్ని, నా నోరు ఊరుకోదు.

"అయ్యో అత్తా, కరెంటు పారేది ఆడే కదా" అనేశాను.

అత్త ముఖంలో నెత్తురుచుక్క లేదు. కొంగుతో తుడిస్తే కుంకుమ ఇంకా పాకింది. ఆమెను చూసి నాకూ భయం పట్టుకుంది.

వెంటనే నా బండి మీద అత్తనూ ఆ పలకలనూ చిత్తూరులో గుణశేఖర్ కంప్యూటర్ రిపేరు షాపుకు తీసుకెళ్లాను. దారంతా ఆమె వేళ్లు నా భుజంలో గుచ్చుకుంటూనే ఉన్నాయి. తన బిడ్డ ఏనాడూ ఏదీ అడిగి ఎరగదని, ఇదొక్కటే తెచ్చుకుందని అంటూనే ఉంది. గుణశేఖర్ పెన్సిలు రబ్బరుతో గీతలు రుద్ది, తన మెషీన్లో పెట్టి చూశాడు. దీపాలు వెలిగాయి. ఏమీ కాలేదన్నాడు. నచ్చకపోతే వారంలోపు కంపెనీవాళ్లు వెనక్కి తీసుకుంటారని, మరక మాత్రం ఉండకూడదని కూడా చెప్పాడు. అత్త ఒక్క ముక్కా నమ్మలేదు.

ఎవరికీ చెప్పకుండా పలకల్ని మళ్లీ బల్ల మీద పెట్టేశాం. సాయంత్రం ఐశ్వర్య బిగించింది. కారు పందెం ఆట పెట్టింది. ఎప్పుడూ ఆగే మలుపు దగ్గరే కారు మళ్లీ ఆగిపోయింది. పిల్ల ముఖం వాడిపోయింది.

గుమ్మం పట్టుకుని నిలబడ్డ అత్త ఇక తట్టుకోలేకపోయింది. "పాపా, నేనే పాడు సేసినా. బొట్టు పెట్టినా" అంది.

ఐశ్వర్య కొత్తవి తీసి పాత ర్యామ్ బిగించింది. అదే మలుపు, కారు అలాగే ఆగింది.

"సూడుమా, పాతదైనా ఇంతే. నీ బొట్టు కాదు. లోపల ఆట చూపించే కార్డు పాతది, ఆటకు మామూలు ర్యామే సాలని గుణశేఖరన్న ముందే చెప్పినాడు. వినకుండా కొనింది నేను."

అత్త అక్కడే కూలబడి ఏడ్చింది.

వెనక్కి పంపుదామని పలకలు పెట్టెలో సర్దుతుంటే, ఒక పలకకు అంటించిన కంపెనీ కాగితం మీద ఎర్రటి మరక నాకూ ఐశ్వర్యకూ ఒకేసారి కనిపించింది.

"వాపసు తీసుకుంటారా పాపా?" అని గుమ్మం దగ్గర్నుంచే అడిగింది అత్త.

"తీసుకుంటారుమా" అంది ఐశ్వర్య, మరకను బొటనవేలితో కప్పి.

అత్త లెక్కలో వాపసు పోయిన ఆ పెట్టె ఇప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఉంది. అత్త శేరు బియ్యం బదులుకు వచ్చినప్పుడల్లా, డబ్బాకు అడ్డంగా నిలబడి నేనే కొలిచి ఇస్తున్నాను.