తాళమేసిన గదిలో పూలామె

నా దెయ్యం పుస్తకం అచ్చేస్తారంట. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినారు. ఇస్కూలు పిల్లోళ్ల కోసం చిన్న పుస్తకం. మా ఇంట్లో డిగ్రీ ముగించిన మొదటిదాన్ని నేనే, ఇప్పుడు పుస్తకం రాసిన మొదటిదాన్నీ నేనే.

పోయినసారి దీన్నే పుస్తకాలేసే మేడం తిప్పి పంపేసింది. చదవనని మొండికేసే పిల్లలు కూడా వదలకుండా చదవాలమ్మా, ఇంకొక్కసారి చూస్తాను, అంతే, అనింది. తప్పు యాడుండాదో నాకు తెలీలేదు. మా చెల్లెలు తొమ్మిదో తరగతి. పుస్తకం తెరిస్తే దానికి ఆవలింతలే. బతిమాలి నా కత చేతిలో పెడితే రెండో పేజీకే మూసేసింది.

"అక్కా, నీ దెయ్యం గూడా డిగ్రీ సదివిందా?"

నవ్వినాను గానీ, అది చెప్పింది నిజమే. డిగ్రీ చేసినాను గదా అని దెయ్యం నోట్లో అన్నీ గ్రాంథికం మాటలే పెట్టినాను.

నిజానికి ఆ కత మా అమ్మది. అమ్మ తిరుచానూరులో పూలమ్మతాది. నా చిన్నప్పుడు నాతో పూలు కట్టించేదానికి చెప్పేది. తాళమేసిన లాడ్జి గదిలోంచి రోజూ ఒకామె దిగొచ్చి మూర కనకాంబరాలు కొంటాది. ఎండలో నిలబడినా ఆమెకు నీడ... ఆడ ఆపేసేది. ఇంకో మూర కట్టు, చెప్తా, అనేది. నేను గబగబా కట్టేదాన్ని. చెల్లెలు ఎదిగేతలికి అమ్మకు కతలు చెప్పే తీరిక లేకపోయె.

అట్నే తిరగరాసినాను. మూరకొక ముక్క, అమ్మ మాటల్లోనే. ప్రతి ముక్కా భయం దగ్గర ఆపినాను.

చిత్తూరులో మేనత్తింటికి పోతా బస్సులో చెల్లెలికిచ్చినాను. చంద్రగిరి దాటినాక నా చెయ్యి గట్టిగా పట్టుకునింది.

"ఆమె నీడ ఆ గదిలోనే ఉండిపోయిందా? సెప్పక్కా."

"నువ్వే సదువు."

చిత్తూరులో దిగేలోపల అయిపోగొట్టింది. ఇంకోటి ఉండాదా అని అడిగింది. అప్పుడు నాకు ఊపిరాడింది. మర్నాడే ఆ మేడంకు పంపించేసినాను.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినోళ్లు: నాయన, శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినాక. చిత్తూరు మేనత్త. ఇస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మేడం. చెల్లెలికి మాత్రం ఇంటికొచ్చినాక ఎదురుగానే చెప్తా. అమ్మ పూలబేరంలో ఉన్నట్టుండాది, రెండుసార్లు చేసినా ఎత్తలేదు. అందరికంటే ముందు మళ్లా అమ్మకే చేస్తా.