సాలమ్మ పేర్చిన నల్ల గొర్రెపిల్ల

దేవరకొండ దగ్గరి మా బడిలో నేను తెలుగు చెప్పినన్నాళ్లూ మధ్యాహ్న భోజనం వండింది సాలమ్మే. ఆ పప్పుచారు వాసనకు నా పిల్లలు సంధులు మరిచిపోయేవారు. అదంతా ఇప్పుడు తలచుకోవడానికే మిగిలింది.

నిరుడు సాలమ్మ వాళ్ల చర్చిలో ఈస్టరు ఆరాధన తర్వాతి విందుకు నన్నూ పిలిచారు. క్రీస్తుకు గుర్తుగా కాలీఫ్లవరుతో తెల్లని గొర్రెపిల్ల ఆకారం పేర్చి తెమ్మని పాస్టరుగారి భార్య గ్లోరీ, ఫోనులో బొమ్మ చూపి, సాలమ్మకు అప్పగించింది. సంఘమంతటి ముందు నవ్వులపాలవుతానేమోనని సాలమ్మ దిగులు.

ఆదివారం తెల్లవారి చూస్తే ముందురోజు ఎండవేడికి కాలీఫ్లవరు పసుపెక్కి మెత్తబడింది. విందుకని వేయించిన చిన్న నల్లవంకాయలు మాత్రం ఉన్నాయి. వేరే దారి లేక వాటినే పళ్లెంలో ఒత్తుగా పేర్చి, ముల్లంగితో ముఖం, మిరియాలతో కళ్లు, క్యారట్లతో కాళ్లు అమర్చి, కింద కొత్తిమీర పరిచింది.

ఆ పళ్లెం చూసి గ్లోరీ మళ్లీ ఫోను తీసి బొమ్మ చూసుకుంది. సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో, చిన్ననాట గొర్రెలు కాసిన ముసలి ఇస్రాయేలు వంగి చూశాడు.

"ఏ మందల్నుంచి పట్టుకొచ్చినవే సాలమ్మా? మన గొంగడి గొర్రె గిట్లనే ఉంటది. నా జన్మల తెల్లది కాయలే!"

"జర మెల్లగ ముట్టుకో మామా, బెదురుతది."

గ్లోరీ పగలబడి నవ్వింది. "వచ్చేయేడు గూడ నల్లదే చెయ్, పెద్దమ్మా."

పొద్దుటి నుంచి నిలబడే ఉన్న సాలమ్మ అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. పళ్లెం ఆమె దాకా వచ్చేసరికి ముల్లంగి ముఖమే మిగిలింది. దాన్నే తృప్తిగా కొరికింది.