చిన్న కోటయ్య గారి పాత స్కాన్

రిటైర్మెంట్‌కు ఏడాది ముందు నేను నరసరావుపేటలో ఒక స్కానింగ్ సెంటర్లో సీనియర్ ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్‌ని. మతిమరుపు జబ్బు, అంటే అల్జీమర్స్, ఎంత ముదిరిందో చెప్పే కొత్త సాఫ్ట్‌వేర్ అప్పుడే మా దగ్గరికి వచ్చింది. వేల స్కాన్లు చూసి తనంతట తాను నేర్చుకున్న డీప్ లెర్నింగ్ ప్రోగ్రామ్ అది. నిరుటి స్కాన్, ఈసారి స్కాన్ ఇస్తే చాలు, జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం ఎంత కుంచించుకుపోయిందో లెక్కగట్టేది. నాకు దానిమీద మహా మోజు.

కారంపూడి నుంచి కోటయ్య గారనే మిరప రైతును, భార్య లక్ష్మమ్మ గారు రెండో ఏడాది స్కాన్‌కు తీసుకొచ్చారు. రిపోర్టు బాగాలేకపోతే ఆయన్ని సేద్యం మాన్పించి పొలం కౌలుకిచ్చేయాలని ఇంట్లో తీర్మానించుకున్నారట. టేబుల్ మీద పడుకుంటూ ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"ఏంది సారూ, నిరుడు నీకు మీసాలుండేయి గదా, ఏమైనయ్?"

నేను నవ్వి, తల కదపొద్దన్నాను.

ఫలితం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. తెర నిండా ఎరుపు. ఏడాదిలో అంత నష్టం జరిగితే మనిషి ఇంటిదారి కూడా మర్చిపోవాలి. ఈయనకేమో నా మీసాలు గుర్తున్నాయి! రిపోర్టు డాక్టరు గారికి పంపకుండా ఆపి, రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూశాను. కనుబొమల పైన ఎముకలో ఉండే గాలి గదుల ఆకారం మనిషికో తీరుగా ఉంటుంది, ఏడాదిలో మారదు. ఇక్కడ రెండూ కలవలేదు, అంటే నిరుటి స్కాన్ వేరే మనిషిది.

బయటికెళ్లి, ఇదే పేరుతో మీ ఊళ్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే లక్ష్మమ్మ గారు ఫక్కున నవ్వారు.

"అది మా బావగారిది అయ్యుంటది సారూ, మా పెదమామ కొడుకు. తలనొప్పని ఆయనా తీయించుకున్నాడు. ఇద్దరికీ తాత పేరే పెట్టారు మావోళ్లు. ఊళ్లో ఈయన్ని చిన్న కోటయ్య అంటారు."

తప్పు నాదే. ఐ.డి. నంబరు చూడకుండా, ఇంటిపేరు, పేరు, ఊరు కలిశాయి కదా అని జాబితాలో మొదట కనిపించినదాన్ని నొక్కేశాను. అసలు స్కాన్ ఇచ్చి మళ్లీ నడిపితే తేడా అతి స్వల్పం. డాక్టరు గారు కూడా చూసి, జబ్బు దాదాపు నిలకడగా ఉందని, మందులు వాడుతూ సేద్యం చేసుకోవచ్చని చెప్పారు. నాకు సంతోషం పట్టలేదు. కోటయ్య గారు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

"ఏమే, లెయ్యి. నారు పోసుకోవాల, చానా పనుంది."

మర్నాటి నుంచి నేను స్కాన్‌కు ముందు ఐ.డి. నంబరుతో పాటు తండ్రి పేరు కూడా అడిగేవాణ్ణి. తాత పేరు అన్నదమ్ముల పిల్లలందరికీ పెడతారు, తండ్రులు మాత్రం వేరు. ప్రోగ్రామ్ ఎంత తెలివైనదైనా మనం ఇచ్చిన స్కాన్‌నే కొలుస్తుంది. అది ఎవరిదో కనుక్కోవడం టెక్నీషియన్ పని.