పాతపట్నంలో పెట్రోలు వాసన

శనివారం ఉదయం ఆరున్నరకల్లా విజయనగరం స్టేషనుకు చేరాను. ఒక భుజానికి బట్టల సంచి, ఇంకో భుజానికి పనిముట్ల సంచి. గుణుపురం ప్యాసింజరుకు పాతపట్నం టికెట్టు తీసుకుని, ప్లాట్‌ఫారం మీద రెండు ఇడ్లీలు తిని, టీ తాగాను. బండి ఏడుంబావుకు వచ్చింది.

నేను ఒక ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెబుతాను. పనిముట్లు మోసుకుని రైలెక్కడం మాత్రం ఇదే మొదటిసారి. కారణం, గురువారం పాతపట్నం నుంచి మా అక్క ఎస్తేరు చేసిన ఫోను. మా వైపు అక్కను అప్ప అంటాం.

"కారు పెట్రోలు కారిపోతన్నాదే, రూతూ. మీ బావ సోమారం పాతసామాన్లోడికి ఇచ్చెస్తానంటన్నాడు. నువ్వొచ్చి ఓపాలి సూడు" అంది.

అది పాతికేళ్ల నాటి చిన్న కారు. అప్ప యాభై రెండో ఏట దాని మీదే డ్రైవింగు నేర్చుకుంది. ప్రతి ఆదివారం పదకొండు కిలోమీటర్ల దూరంలో కొండ కింద ఉన్న చిన్న చర్చికి వెళ్లి హార్మోనియం వాయిస్తుంది. దారిలో ఇద్దరు ముసలమ్మలను ఎక్కించుకుంటుంది. ఆ వేళకు అటు బస్సు లేదు. కారు పోతే అప్ప ఆదివారాలు పోయినట్టే.

ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. కొండలు కనపడతాయి. చీపురుపల్లిలో ఎక్కిన ఒక పెద్దాయన నా ఎదుట కూర్చుని, సంచిలోంచి తొంగిచూస్తున్న రబ్బరు గొట్టాలను కాసేపు పరీక్షగా చూశాడు.

"పెట్రోలు పైపులేటమ్మా?"

అవునన్నాను. ముప్పై ఏళ్లు లారీ తోలాడట. సంగతి విని, "బట్టల సబ్బు ముద్ద సేసి అదిమీ. టేంకు కారడం ఆగిపోతాది. నాను రాయగడ కాడ అలాగే సేసి, సరుకు దింపీసి ఇంటికొచ్చినాను" అన్నాడు.

"దారిలో ఆగిపోతే సరే గానీ, ఇంట్లో పెట్టుకునే బండికి సబ్బు సరిపోదు కదండీ" అన్నాను.

"ఇంటికొచ్చినాక మార్పించినాన్లే" అని నవ్వి, పొందూరులో దిగిపోయాడు.

నాగావళి, వంశధార రెండూ దాటాక కోటబొమ్మాళిలో వంకాయల బస్తాతో ఒకావిడ ఎక్కింది. నేను మెకానిక్ పని నేర్పుతానని తెలియగానే, "మా నూతికాడ మోటారు నీలు తోడ్డం నేదు. దిగి సూడవేటి?" అంది. ఇప్పుడు కుదరదంటే, టెక్కలిలో దిగేటప్పుడు నాలుగు వంకాయలు నా ఒళ్లో పడేసి, "మల్లీ వచ్చినప్పుడు సూద్దువులే" అని వెళ్లిపోయింది.

నౌపడలో బండి చాలాసేపు ఆగడంతో పాతపట్నం చేరేసరికి పదకొండున్నర. దేవదానం బావ స్కూటరుతో వచ్చాడు. బడిపంతులుగా రిటైరయిన మనిషి, నెమ్మదస్తుడు. దారిలో ఒకే మాట అన్నాడు.

"నాకు కారు మీద కోపం నేదమ్మా. షెడ్డు గోడకి అటేపు గేస్ పొయ్యి ఉన్నాది. రాత్రుల్లు నిద్ర పట్టడం నేదు."

అతని భయంలో తప్పేమీ లేదు. గేటు తీయగానే వాసన ముక్కుకు కొట్టింది. ముందు పొయ్యి ఆపించాను. ఇంటి మెయిన్ స్విచ్చి కట్టేయించి, ముగ్గురం ఫోన్లు లోపల పెట్టాం. కారు స్టార్టు చేయకుండానే పెరట్లో వేపచెట్టు దాటి, గాలి ఆడేచోటికి తోసుకొచ్చాం. బ్యాటరీ వైరు విప్పి కిందకు దూరి చూశాను. ట్యాంకు అడుగున బట్టల సబ్బు దట్టంగా పట్టించి ఉంది. బావ కూడా ఆ వైద్యం చేసేశాడన్నమాట. సబ్బు పక్కనుంచి చుక్క చుక్కగా పడుతూనే ఉంది.

ఊళ్లో మెకానిక్కు చూసి ట్యాంకు పోయిందని, ఇంత పాత బండికి కొత్తది దొరకదని చెప్పాడట. నేను అప్పను అడిగాను.

"ఎప్పుడెప్పుడు కారుతోంది?"

"శనోరం, ఆదోరం కారతాది. మంగలోరం వొచ్చీసరికి వాసనుండదు."

"పెట్రోలు ఎప్పుడు పోయిస్తావు?"

"శుక్రారం సాయంత్రం. ఫుల్లుగా" అంది. నిన్న కూడా పోయించిందట.

నాకు ప్రాణం లేచివచ్చింది. ట్యాంకుకు అడుగున చిల్లుంటే రోజూ కారాలి. నిండుగా ఉన్నప్పుడే కారుతోందంటే, ఆ చిల్లు పైన ఎక్కడో ఉంది. తడి తుడిచి, ట్యాంకు పక్కలంతా సుద్దపొడి చల్లాం. సుద్దముక్కలు బావ దగ్గరే ఉన్నాయి, ఆయనే నూరి ఇచ్చాడు. పావుగంట తర్వాత తెల్లటి పొడి మీద పైనుంచి కిందికి సన్నటి తడి గీత ఒకటి దిగింది. వెనక చక్రం విప్పి దాని మొదలు వెతికితే, పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకులోకి వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం ఎండిపోయి, క్లిప్పు దగ్గర చుట్టూ పగిలి ఉంది. ట్యాంకు చెక్కుచెదరలేదు.

"బావా, నువ్వే చూడు" అన్నాను. ఆయన లుంగీ ఎగ్గట్టి నేల మీద పడుకుని చాలాసేపు చూశాడు.

"ఇంతేనేటి?" అన్నాడు.

ఇంతే. కానీ నేను తెచ్చిన గొట్టాలన్నీ సన్నవి.

మధ్యాహ్నం రెండున్నరకు, వెనక చక్రం లేకుండా చెక్కదిమ్మల మీద నిలబడ్డ కారును బావకు అప్పగించి, అప్పా నేనూ పర్లాకిమిడి ఆటో ఎక్కాం. దగ్గరే, కానీ రాష్ట్రం మారిపోతుంది. బోర్డుల మీద ఒరియా అక్షరాలు మొదలవుతాయి. అంగళ్లలో తెలుగు మాత్రం ఆగదు. మొదటి షాపులో లేదన్నారు. రెండో షాపులో రేడియేటరు గొట్టం చేతిలో పెట్టి, అదే సరిపోతుందన్నారు. పెట్రోలు తగిలితే అది మెత్తబడి ఉబ్బిపోతుంది. వద్దన్నాను. అప్ప ముఖం వాడిపోయింది.

"పోనీలేవే. నానూ అరవైకొచ్చీసినాను. ఎన్నాల్లు తోల్తాను?" అంది, రోడ్డు వైపు చూస్తూ.

ఫోనులో ఏడవని మనిషి అక్కడ కళ్లు తుడుచుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని మూడో షాపు మెట్లెక్కించాను. ముసలి దుకాణదారు నేను ఇచ్చిన పగిలిన ముక్కను వేళ్లతో వంచి చూశాడు. లోపలికి వెళ్లి, దుమ్ము పట్టిన పెట్టె తెచ్చి, మూరెడు గొట్టం తీశాడు.

"పెట్రోలుదే, అపా. క్లిప్పులు కూడా కొత్తవి వెయ్యండి, పాతవి కొరికేస్తాయి" అన్నాడు. ఒరియాలోనూ అక్కను దాదాపు మన మాటతోనే పిలుస్తారు. తనను పిలిచాడో నన్ను పిలిచాడో తెలియక అప్పే జవాబు చెప్పింది: "నాలుగియ్యి బాబూ, రెండు దాసుకుంటాను."

తిరిగి వచ్చేసరికి నాలుగు. వెలుతురుండగానే పని కావాలి. చేతిపంపుతో ట్యాంకులోంచి కొంత పెట్రోలు డబ్బాలోకి తోడాం. పాత గొట్టాన్ని కోసి తీశాను. కొత్తది కొలిచి కోసి, మూతి శుభ్రంగా తుడిచి, లోపలికి నెట్టి క్లిప్పులు బిగించాను. రెండో క్లిప్పు బావ బిగించాడు. అంతకుముందు ఎప్పుడూ స్క్రూడ్రైవరు పట్టలేదట. "ఇంకో సుట్టు తిప్పనా?" అని మూడుసార్లు అడిగాడు.

చక్రం ఎక్కించి, తోడిన పెట్రోలు మళ్లీ నిండుగా పోసి, సుద్దపొడి చల్లి, పెరట్లో ముగ్గురం కుర్చీలు వేసుకుని గంటసేపు ఆ ట్యాంకుకేసి చూస్తూ కూర్చున్నాం. పొడి పొడిగానే ఉంది. అప్పుడు పొయ్యి వెలిగించి, రైల్లో వచ్చిన వంకాయలతో అప్ప కూర చేసింది. కారును ఆ రాత్రికి పెరట్లోనే ఉంచాం.

ఆదివారం పొద్దున్న ఆరింటికి బయట శబ్దమైతే కిటికీలోంచి చూశాను. బావ కారు పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. రాత్రి తనే ట్యాంకు కింద పరిచిన పాత న్యూస్‌పేపరును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. పళ్లు తోముకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, వెనక సీట్లో, సరిగ్గా ట్యాంకు ఉన్న వైపే కూర్చున్నాడు.

"ఎక్కడికేటి?" అంది అప్ప.

"పాటలు ఇనడానికి. ఏం, రాకూడదేటి?"

ఆ చర్చికి ఆయన రావడం అదే మొదటిసారి. దారిలో ముసలమ్మలిద్దరూ ఎక్కి ఆయన్ను కిటికీకి అదిమేశారు. నేలంతా పచ్చగా, కొండ దాకా వరి. రేకుల కప్పు కింద నలభై మంది పాడారు. అప్ప వేళ్లు హార్మోనియం మీద పరుగెడుతుంటే, బావ పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని తాళం వేశాడు. పాతసామాన్లవాడికి అక్కడినుంచే ఫోను చేసి రావద్దన్నాడు.

మూడు గంటలకు, ముసలమ్మలను కూడా వెంటబెట్టుకుని, నన్ను స్టేషన్లో దింపారు. ఎప్పుడొచ్చినా రైలు కదిలేదాకా అప్ప కిటికీ పట్టుకుని నిలబడేది, కళ్లనీళ్లు పెట్టుకునేది. ఈసారి బండి ఆలస్యమని తెలియగానే గడియారం చూసుకుంది.

"ముసలమ్మలికి సంతలో పనున్నాదట. సీకటి పడకుండా ఇంటికాడ దింపీయాల. ఎల్నా?"

వెళ్లమన్నాను. కారు మలుపు తిరిగేదాకా ఈసారి నేనే నిలబడ్డాను. వెనక అద్దంలోంచి బావ చెయ్యి ఊపాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని ఒక పల్లీల పొట్లం కొనుక్కున్నాను. రైలు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. ఈ లైన్లో అది మామూలే, వెళ్లేవాళ్లు తొందర పెట్టుకోకండి. నా మటుకు నాకు, ఏ ప్రయాణంలోనూ అంత హాయిగా ఎదురుచూసిన గుర్తు లేదు.