రంగనాథ్ పానా

మా రంగనాథ్‌కి వదులుగా ఉన్న బోల్టు కనిపిస్తే ఊపిరాడదు. అది ఎవరిది, బిగించమని తనను ఎవరైనా అడిగారా లాంటి ప్రశ్నలు అతనికి పుట్టవు. జేబులో ఎప్పుడూ ఒక పానా ఉంటుంది. చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది.

డబ్లిన్ పక్కన లూకన్‌లో మా ఇంటికి భోజనానికి పిలిస్తే కంచం ముందు కూర్చోకుండా బల్ల కింద దూరాడు. ఏదో పారేసుకున్నాడనుకుని మా ఆవిడ టార్చిలైటు తెచ్చింది. "ఇటు పట్టండమ్మా, ఈ కాలు ఊగుతోంది" అని బల్ల కింద నుంచి గొంతు వినిపించింది. సాంబారు చల్లారిపోయింది. బల్ల మాత్రం ఎంత గట్టిపడిందంటే, ఇల్లు మారేటప్పుడు దాన్ని విప్పడం మా వల్ల కాక అక్కడే వదిలేసి వచ్చాం.

మోకాలి నొప్పి అంటే ఒకసారి జీపీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పేరు పిలిచేసరికి మనిషి నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. రిసెప్షన్ అమ్మాయి హడలిపోయి అంబులెన్సు కోసం ఫోన్ ఎత్తింది. "నాకేం కాలేదమ్మా, మీ కుర్చీకే బాగాలేదు" అంటూ లేచాడు. ఆ కుర్చీలో ఒక పెద్దావిడ అప్పటికింకా కూర్చునే ఉంది.

ఇలాంటివాడికి దేవుడు ఇవ్వదగ్గ వరం ఒకటే, బోలెడు బోల్టులున్న బండి. అదీ ఇచ్చాడు. పాలు మోసి మోసి రిటైరైన ఒక పాత లారీని కొని, రంగనాథ్ లారీ రేసుల్లో దిగాడు. వెనక కంపెనీ లేదు, స్పాన్సర్ లేడు. ఉన్నదల్లా కుటుంబం. కూతురు ఆశ్రిత తోలుతుంది. భార్య సత్యవాణి బ్రేకులు చల్లబరిచే ట్యాంకులో నీళ్ళూ, మా కడుపుల్లో పులిహోరా నింపుతుంది. సత్యవాణి అన్నగారు సుబ్బారావు మెకానిక్కు. బెజవాడ ఆటోనగర్లో లారీల కింద పెరిగి, డబ్లిన్లో బస్సుల షెడ్డులో రిటైరైన మనిషి. చిన్న సుత్తితో బోల్టు మీద టక్కుమని కొట్టి, చప్పుడు విని, "ఇది వదులు" అనేవాడు. నేనేమో అందరికీ గొడుగు పట్టేవాణ్ణి. ఐర్లండ్‌లో అది చిన్న ఉద్యోగం కాదు.

కిల్డేర్ ట్రాక్ దగ్గర గడిపిన ఆ ఆదివారాలు తలచుకుంటే డీజిలూ ఇంగువా కలిసిన వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. మా లారీకి ఎంత రంగు పూసినా, పాల కంపెనీవాళ్ళ ఆవు బొమ్మ లోపలి నుంచి తొంగి చూస్తూనే ఉండేది. రేసు గెలిచిన గుర్తు లేదు. బోల్టు ఊడిన గుర్తూ లేదు. రంగనాథ్ గర్వమంతా ఆ రెండోదే. మా బండి అయిపోయాక పక్క జట్ల బండ్లు కూడా బిగించి వచ్చేవాడు.

"నాన్నా, వుయార్ రేసింగ్ దెమ్! లీవ్ ఇట్, విల్ యా!" అని ఆశ్రిత మొత్తుకునేది.

"అయితే? ఊగుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"ఇట్స్ గ్రాండ్, నాన్నా!" ఐర్లండ్‌లో గ్రాండ్ అంటే 'బాగానే ఉందిలే' అని.

"గ్రాండ్ అంటే బిగిసినట్టు కాదు తల్లీ."

ఒక చలికాలం సుబ్బారావుకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. అయినా సీజన్ మొదలవగానే ట్రాక్ దగ్గరికి వచ్చి, ఎడమచేత్తో సుత్తి పట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. టక్. టక్. టక్. ఏదీ వదులు లేదు. పొద్దున్నే రంగనాథ్ అన్నిటినీ బిగించేసి కూర్చుంటే ఎలా ఉంటుంది? పాపం, సుత్తిని పెట్టెలో పడేసి మడత కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వు బిగించాక నాకేం మిగిలింది బావా? ఇవాళ్టితో సరి. వచ్చే రేసు నుంచి నేను రాను. ఇంట్లో టీవీ చూసుకుంటా."

నవ్వుతూనే అన్నాడు. సత్యవాణి అటు తిరిగి, మూత పెట్టే ఉన్న పులిహోర గిన్నెకి మళ్ళీ మూత పెట్టింది. ఆశ్రిత "మామయ్యా, డోంట్" అని ఆగిపోయింది. రంగనాథ్ పానా తీశాడు. తీసి, బావగారు కూర్చున్న కుర్చీనే బిగించాడు.

మధ్యాహ్నం రేసుకి ముందు నేను బండి అవతలి వైపు వెళ్తే, అక్కడ రంగనాథ్ డ్రైవరు ఎక్కే మెట్టు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. పానా ఎప్పుడూ తిరిగే వైపు కాకుండా రెండో వైపు తిరుగుతోంది. మత్తుమందు లేకుండా పన్ను పీకించుకుంటున్నవాడిలా ఉంది ముఖం.

"వదులు చేస్తున్నావా? నువ్వా?"

"ష్! వట్టి మెట్టేనయ్యా. బండి కదిలేలోగా బిగించేస్తాలే." నుదురు తుడుచుకుని, గొంతు పెంచాడు. "బావా! నాకు చూపు సరిగా ఆనడం లేదు. ఒక్కసారి ఇటొచ్చి కొట్టి చూస్తావా?"

సుబ్బారావు కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. అతను ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి మెట్టు దాకా వచ్చేసరికి చాలాసేపు పట్టింది. టక్. ఆగాడు. మళ్ళీ టక్. నడుము నిటారుగా లేచింది.

"వదులు! బావా, నీ బండిలో వదులు!"

"అయ్యో, నిజమా?"

"అయ్యో ఏంటి అయ్యో!" అంటూ ముందుకు నడిచాడు. "ఇదిగో, మడ్‌గార్డు దగ్గర ఇంకోటి! అద్దం దగ్గర... ఓరి దేవుడో, ఇదీనా?"

రంగనాథ్ ముఖం నిజంగానే పాలిపోయింది. సత్యవాణి నీళ్ళ ట్యాంకును జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది. రేసుకి ఇంకా బోలెడు టైముండగానే ఆశ్రిత హెల్మెట్ తగిలించుకుని ముఖం దాచేసింది.

పక్క జట్లవాళ్ళు చుట్టూ మూగారు. వాళ్ళందరి ముందూ సుబ్బారావు రంగనాథ్‌ని కడిగేశాడు. "పానా ఊపుకుంటూ ఊరి బండ్లన్నీ తిరగడం కాదు, సొంత బండి చూసుకోవాలి! ఇన్నేళ్ళూ ఇలాగేనా బిగించావు?"

ఐర్లండ్‌లో ఒక్క బోల్టునూ వదులుగా వదలని రంగనాథ్ తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది బావా. నువ్వు లేకపోతే..."

"లేకపోవడమేంటి? ఎక్కడికి పోతాను? ప్రతి రేసుకీ ఉంటాను! పట్టు పానా. నేను చూపించింది చూపించినట్టు బిగించు."

బిగిస్తూ బిగిస్తూ రంగనాథ్ నా చెవి దగ్గరికి వంగాడు. "నేను ఒక్కటే విప్పానయ్యా. మిగతావి ఎవరి పని?"

"మీ ఇంట్లోవాళ్ళనే అడుగు" అన్నాను గంభీరంగా. సుత్తి బండి వెనక్కి తిరుగుతోంది. నా కారు తాళంచెవితో ఇందాకే నేను వదులు చేసిన నంబరు పలక దాకా అది ఇంకా రాలేదు.