రాణి పిల్లకు పెట్టిన వాత

జగ్గయ్యపేటలో మటన్ కొట్టు ముందు తలకాయలు కాల్చే వాసన వస్తే ఇప్పటికీ ముక్కు మూసుకుని రోడ్డు దాటేస్తాను. వెంట్రుకలు కాలే ఆ వాసన తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మా పెరట్లోనే నాకు తెలిసింది.

మాది జట్కా కుటుంబం. అబ్బా బండి తోలేవాడు, ఆయన తండ్రి దాదా గుర్రాల ఒంటి మీది సుడులు చూసేవాడు. నానిన ఉలవల వాసన, తడి గడ్డిమోపులు, శ్రావణంలో పెళ్లి ఊరేగింపులకు మా ఆడగుర్రం రాణి మెడలో కట్టే మువ్వలు, ఊరేగింపు అయ్యాక షావుకార్ల ఇళ్లవాళ్లు విస్తరాకులో కట్టిచ్చే బూరెలూ పులిహోరా, ఇవే మా పండగలు. గుర్రం కొనాలంటే నందిగామ నుంచి కూడా దాదా దగ్గరికొచ్చేవారు. ఏ సుడి ఇంటికి కలిసొస్తుందో, ఏది యజమానిని మింగుతుందో ఆయన వేలుపెట్టి చూపిస్తుంటే నోరెత్తకుండా వినేవారు.

ఆ వానాకాలం రాణి ఈనింది. పిల్ల నుదుటి మీద రేగిపండంత కాయ, గరుకుగా, పులిపిరిలా ఉంది. అయినా పిల్ల గంటలో లేచి నిలబడి పాలు తాగింది, నా వేళ్లు చప్పరించింది. దాదా ఆ కాయను తడిమి, ఇది మొలుస్తున్న కొమ్ము అని, కాల్చకపోతే ఇంట్లో మగవాడు దక్కడని తేల్చేశాడు. అబ్బా తలొంచుకున్నాడు. అమ్మ ఒక్కతే అడ్డుపడింది.

"పాలు తాగే పిల్ల మామా. నాలుగు రోజులు ఆగుదాం."

"గుర్రాల సంగతి నీకేం తెలుసమ్మా?" అన్నాడు దాదా.

పిల్లకు మందు వేస్తున్నామని చెప్పి నాచేత విసనకర్రతో కుంపటి విసిరించాడు. నేను సంబరంగా విసిరాను. ఎర్రగా కాలిన చువ్వ తీసి నుదుటి మీద పెట్టాడు. పుండు మీద ఈగలు వాలాయి, పురుగులు పడ్డాయి, ఆరో రోజున పిల్ల పోయింది. రాణి పొదుగు నుంచి పాలు కారుతూనే ఉన్నాయి. గండం పిల్లతో పోయిందని దాదా అరుగు మీద కూర్చుని గొప్పగా చెప్పుకుంటే జనం తలలూపారు. ఆ తలలూపినవాళ్లను నేనింకా క్షమించలేదు.

మొన్న పక్కింటి గేదెను చూడటానికొచ్చిన పశువుల డాక్టరమ్మను అడిగాను. కాస్త ఎదిగిన గుర్రప్పిల్లలకు మూతి చుట్టూ వచ్చే పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయట, చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే రాలిపోతాయట. పుట్టుకతో వచ్చేవీ వైరస్ పనేనని చాలాకాలం అనుకున్నారు గానీ ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేమంది.

"ఏదైనా ప్రాణం తీసేది కాదండి. అడ్డమైతే మత్తిచ్చి చిన్న కోత, అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది.

జట్కా స్టాండులో ఇప్పుడు ఆటోలున్నాయి. సుడులు చూసే విద్య దాదాతోనే పోయిందని పాతవాళ్లు వాపోతుంటారు. పోవడమే మంచిదని వాళ్ల మొహానే అంటాను. రాణి లేదు, కుంపటి లేదు, దాదా లేడు. ఆ రోజు విసనకర్ర ఊపిన చెయ్యి మాత్రం నాతోనే ఉంది.